పిల్లల గొడవకి ఫ్యాక్టరీలెందుకు ఆగాయి?

ప్రశ్న: మా నాన్న మిల్లు కార్మికుడు, గేటు ముందు టెంటేసుకుని సమ్మెలో కూర్చున్నవాడే, నన్ను మాత్రం కాలేజీ గొడవల జోలికెళ్లొద్దంటాడు. 1968లో ఫ్రాన్స్‌లో స్టూడెంట్లూ కార్మికులూ ఎలా కలిశారండీ? (ఒక పాఠకుడు, రాయగడ)

జవాబు: నాన్నగార్నేమీ అనకు బాబూ, అక్కడి పెద్ద యూనియనూ మొదట్లో ఈ పిల్లల్ని చూసి మొహం చిట్లించిందే! మే 10 రాత్రి పారిస్‌లో పిల్లలు రోడ్డు మీది రాళ్లు పీకి అడ్డుగోడలు కట్టేశారు, పోలీసులు చావబాదారు, అది చూసి జనానికి మండింది, 13న సార్వత్రిక సమ్మె, ఆపైన ఫ్యాక్టరీల్లోనే తిష్ట. దాదాపు కోటిమంది పని మానేశారంటారు. కనీస వేతనం 35 శాతం పెంచుతామన్నా రెనో కార్ల ఫ్యాక్టరీవాళ్లు పొమ్మన్నారు, నాకు భలే నచ్చే ముక్క అదే. జూన్ ఎన్నికల్లో మాత్రం అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ పార్టీయే గెలిచిందిలే.