టెక్ సందేహాలు: మీ ఇంటి ప్లాన్ ఎంతమంది ఫోన్లలో ఉంది?

మూఢం పోయి శంకుస్థాపన ముహూర్తాలు మొదలైనట్టున్నాయి. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కొత్త ఇంటి ప్లాన్ చుట్టూనే తిరుగుతున్నాయి. ఏ యాప్ వేసుకోవాలి, ఎలా తెరవాలి అన్నవి పక్కన పెట్టి, నిజంగా డబ్బూ భద్రతా పోయే ప్రశ్నలు మాత్రమే తీసుకున్నాను.

"రెండు నెలలు కూర్చుని ఫోన్ యాప్‌లో మా ఇంటి ప్లాన్ నేనే గీశాను. ఇల్లు 27 అడుగుల వెడల్పు. పక్కపక్కనే రెండు బెడ్‌రూములు, ఒక్కొక్కటి పదమూడున్నర అడుగులు. తీరా ముగ్గు పోసే రోజున మేస్త్రీ, గదులు పన్నెండున్నరే వస్తాయంటున్నాడు. తప్పు యాప్‌దా, మేస్త్రీదా?" (ఒంగోలు)

మేస్త్రీ చెప్పిందే నిజం. మీ యాప్ గోడను ఒట్టి గీతగా లెక్కేసింది. బయటి గోడలు రెండూ 9 అంగుళాల చొప్పున, మధ్య గోడ నాలుగున్నర అంగుళాలు. మొత్తం 22న్నర అంగుళాలు, అంటే దాదాపు రెండు అడుగులు గోడలకే పోయాయి. మిగిలిన 25 అడుగుల ఒకటిన్నర అంగుళాన్ని రెండు గదులకూ పంచితే ఒక్కోదానికి 12 అడుగుల 6 ముప్పావు అంగుళాలు. ప్లాస్టరింగ్ అయ్యాక ఇంకో అంగుళం దాకా తగ్గుతుంది. యాప్ సెట్టింగ్స్‌లో గోడ మందం ఎక్కడో లోపల దాగి ఉంటుంది. గదులు గీయకముందే అది మార్చుకోవాలి. ఇప్పుడు మార్చితే ప్లాన్ మొత్తం కదులుతుంది, అయినా మార్చండి. కాగితం మీద కదలడం నయం.

ఇంతకంటే ఎక్కువగా నా దగ్గరికి వచ్చే పొరపాటు ఇంకోటుంది. మన మేస్త్రీలు, డ్రాఫ్ట్స్‌మన్‌లు 10 అడుగుల 6 అంగుళాలను కాగితం మీద 10.6 అని రాస్తారు. తరతరాలుగా అందరికీ అర్థమవుతున్న రాత అది, అందులో తప్పేం లేదు. యాప్ మాత్రం దాన్ని దశాంశంగా తీసుకుని 10 అడుగుల 7 అంగుళాల పైచిలుకు చేస్తుంది. అక్కడికి అంగుళమే తేడా. 10.10 అని కొట్టి చూడండి. 10 అడుగుల 10 అంగుళాలు కావాల్సిన గది 10 అడుగుల 1 అంగుళం అయిపోతుంది. మా పిన్ని వాళ్ల బాత్రూం ఇలాగే చిక్కిపోయింది. కాగితంలో 4.10 ఉంది, యాప్‌లో అదే అంకె కొట్టారు, 4 అడుగుల 1 అంగుళం వచ్చింది. పక్కనున్న వంటగది కాస్త పెద్దదైనట్టు కనిపించడంతో ఎవరికీ అనుమానం రాలేదు. గోడ లింటెల్ దాకా లేచాక, కమోడ్ పక్కన మనిషి తిరగలేడని ప్లంబర్ చెబితే గానీ తెలియలేదు. గోడ పగలగొట్టారు.

ఈ యాప్‌లు చేసేవాళ్ల మీద నాకు కోపం ఇక్కడే. తెలుగులో మెనూలు పెడతారు, మన పండగలకు నోటిఫికేషన్లు పంపుతారు. అడుగులకు ఒక గడి, అంగుళాలకు ఒక గడి విడిగా పెట్టడానికి మాత్రం వాళ్లకు తీరిక లేదు. అలా రెండు గడులు ఉన్న యాప్ దొరికితేనే వాడండి. లేకపోతే కొలతలన్నీ మిల్లీమీటర్లలోకి మార్చుకోండి, ఒక అడుగుకు 304.8. ప్రింటు తీసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఏ3 కాగితానికి 1:100 స్కేలులో చేసిన ప్లాన్‌ను జిరాక్స్ షాపులో ఏ4 మీద "ఫిట్ టు పేజ్" కొడితే అది 1:141 అవుతుంది. దాని మీద స్కేలు పెట్టి కొలిచినవన్నీ తప్పే.

"స్థలంలో ఒక్కో మూల నిలబడితే ఫోన్ కంపాస్ ఒక్కో దిక్కు చూపిస్తోంది. వాస్తు యాప్ ప్లాన్‌ను 14 డిగ్రీలు తిప్పమంటోంది. తిప్పాలా?" (జడ్చర్ల)

వద్దు. స్థలంలో దింపిన ఇనుప చువ్వలు, బోరు కేసింగ్, పక్కన నిలిపిన బండి, మీ ఫోన్ కవర్‌లో ఉన్న అయస్కాంతం, వీటిలో ఏ ఒక్కటి చాలు ముల్లు తప్పు చూపడానికి. కంపాస్ చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ సహజంగా ఉండే తేడా మన ప్రాంతంలో ఒక డిగ్రీ అటూ ఇటూ అంతే. 14 డిగ్రీలు వచ్చిందంటే దగ్గర్లో ఇనుము ఉంది.

దీనికి యాప్ కంటే నమ్మకమైన పద్ధతి మనకు ఎప్పటినుంచో ఉంది. ఎండ బాగా ఉన్న రోజు చదునైన చోట ఒక కర్ర నిటారుగా పాతండి. దాని చుట్టూ తాడుతో ఒక వలయం గీయండి. పొద్దున నీడ కొస వలయాన్ని తాకినచోట ఒక మేకు, మధ్యాహ్నం దాటాక మళ్లీ తాకినచోట ఇంకో మేకు కొట్టండి. ఆ రెంటినీ కలిపే గీత తూర్పు పడమరలు. పాతకాలం శిల్పులు దిక్కులు తేల్చింది ఇలాగే. ఆ కర్రను శంకువు అనేవారు. శంకుస్థాపనలో ఉన్నదీ ఆ మాటే. తర్వాత ఉపగ్రహ మ్యాప్‌లో మీ వీధి గీతతో ఒకసారి సరిచూసుకోండి. రెండూ కలిస్తే ఆ యాప్ తీసేయవచ్చు.

"ప్లాన్ కోసం వాట్సాప్ గ్రూప్ పెట్టాం. డల్లాస్‌లో ఉండే అన్నయ్య, ఇంజినీరు, మేస్త్రీ, ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఇంటీరియర్ వాళ్లు, వాస్తు చూసే పంతులుగారు, బంధువులు అంతా కలిపి 31 మంది ఉన్నాం. ప్లాన్ 11 సార్లు మారింది. ఎలక్ట్రీషియన్ ఏడో ప్లాన్ చూసి పైపులు వేసేశాడు. అందరి దగ్గరా ఒకే ప్లాన్ ఉండాలంటే ఏ యాప్ మంచిది?" (కరీంనగర్)

ప్లాన్ ఎవరి చేతిలో ఉండాలో ముందు తేల్చుకుంటే యాప్ అవసరమే ఉండదు. మార్చే హక్కు ఒక్కరికే ఇవ్వండి. ఫైలు పేరులో తేదీ ఉండాలి. "ఫైనల్", "ఫైనల్ 2", "కొత్త ఫైనల్" అని పేర్లు పెట్టినంత కాలం ఎలక్ట్రీషియన్‌ను తప్పు పట్టడానికి లేదు. ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి 3 కాస్తా 8లా కనిపిస్తుంది. సైట్‌లో గోడకు ఒక్క ప్రింటు అంటించండి, దాని మీద తేదీ వేసి సంతకం పెట్టండి. కొత్తది వస్తే పాతది అక్కడే చింపేయండి. ఇంకొకటి గుర్తుంచుకోండి. తెలంగాణలో 2020 చివర్లో వచ్చిన బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానంతో 600 గజాల లోపు స్థలాలకు స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతి ఇవ్వడం మొదలైంది. అలా పెట్టిన ప్లాన్‌కు పూచీ మీదే. మీ పదకొండో ప్లాన్‌లో సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) తగ్గి ఉంటే రేపు జవాబు చెప్పాల్సింది మీరే.

మీరు అడిగింది ఇంతవరకే. మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది మాత్రం ఆ 31 అనే అంకె.

పూర్తయిన ఇంటి ప్లాన్‌లో ఏమేం ఉంటాయో ఒకసారి చూడండి. పెరటి తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఏ కిటికీకి గ్రిల్ లేదు, అమ్మానాన్నలు ఏ గదిలో పడుకుంటారు, బీరువా కోసం గోడలో వదిలిన గూడు ఎక్కడ, లాకర్ ఏ గోడలో దిగుతుంది అన్నీ ఉంటాయి. ఎలక్ట్రికల్ షీటు అయితే కెమెరాలు ఎటు చూస్తాయో, ఎటు చూడవో, రికార్డరు పెట్టె ఏ అల్మారాలో ఉంటుందో కూడా చెబుతుంది. ఆ 31 మందిలో ఎవరూ దొంగలు కాకపోవచ్చు. వాళ్ల ఫోన్లు పోవచ్చు, అమ్మేయవచ్చు, బాగుచేయడానికి షాపులో ఇవ్వవచ్చు. పని అయ్యాక మీరు గ్రూప్ మూసేసినా ఆ ఫైళ్లు వాళ్ల గ్యాలరీల్లోనే ఉంటాయి. "అదృశ్యమయ్యే మెసేజ్" పెట్టినా, ముందే దించుకున్న కాపీని అది తాకదు.

కాబట్టి ఎవరికి కావాల్సింది వాళ్లకే పంపండి. ప్లంబర్‌కు నీళ్ల పైపుల షీటు చాలు. బంధువుల సలహాకు గదుల అమరిక చాలు, పేర్లు కూడా అక్కర్లేదు, గది 1, గది 2 అని రాయండి. లాకర్, కెమెరాలు, రికార్డరు అసలు ఏ ఫైల్లోనూ గీయకండి. కార్పెంటర్‌ను, ఎలక్ట్రీషియన్‌ను సైట్‌కు పిలిచి గోడ మీద సుద్దముక్కతో చూపించండి.

పీడీఎఫ్‌లో వాటి మీద నల్లపెట్టె గీసి దాచామని కొందరు ధీమాగా ఉంటారు. కింద ఉన్నది చాలాసార్లు అలాగే ఉంటుంది, పెట్టె జరిపితే బయటపడుతుంది. క్యాడ్ (కంప్యూటర్‌లో ప్లాన్ గీసే సాఫ్ట్‌వేర్) ఫైల్లో లేయర్, అంటే ఒక పొర, ఆఫ్ చేసినా అంతే, తెలిసినవాడు మళ్లీ ఆన్ చేసుకుంటాడు. తీసేయాల్సింది నిజంగా తీసేసి కొత్త ఫైలు చేయాలి. అదే గ్రూపులో అనుమతి కోసమని దస్తావేజులు, ఆధార్ కార్డు కూడా పెట్టి ఉంటారని నా అనుమానం. ఉంటే ఇవాళే తీసేయండి. ఆధార్ ఇవ్వక తప్పనిచోట, తీసుకుంటామంటే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

ఉచిత ప్లాన్ యాప్‌లది ఇంకో సమస్య. నేను పరీక్షించిన ఒకదానిలో ప్లాన్ సేవ్ చేయగానే అది అందరికీ కనిపించే గ్యాలరీలో చేరింది. గుట్టుగా ఉంచుకోవాలంటే నెలనెలా డబ్బు కట్టమంది. కుటుంబం పడుకునే గదుల కొలతలను ముందే బయటపెట్టి, తర్వాత దాచడానికి రుసుము అడగడం అన్యాయం. ఇంకో యాప్ ఒక అప్‌డేట్ తర్వాత పాత ప్లాన్లనే చందా కడితే గానీ తెరవనంది. ఏ యాప్ వాడినా ప్రతి వారం ఒక పీడీఎఫ్, ఒక డీఎక్స్ఎఫ్ (వేరే క్యాడ్ సాఫ్ట్‌వేర్లలో కూడా తెరుచుకునే ఫైలు) కాపీ మీ కంప్యూటర్‌లో దాచుకోండి.

ప్రశ్న దాటి ఇంకో మాట కూడా చెప్పాలి. గృహప్రవేశం అవగానే హోమ్ టూర్ వీడియో తీసి పెట్టడం ఇప్పుడు ఊరూరా అలవాటైంది. గేటు నుంచి మొదలుపెట్టి పూజ గదిలో వెండి సామాను, మాస్టర్ బెడ్‌రూములో వార్డ్‌రోబ్ లోపలి లాకర్, మెట్ల కింద రికార్డరు పెట్టె దాకా ఒక్క కట్ లేకుండా చూపిస్తారు. కింద కాలనీ పేరు, "వచ్చే నెల అమెరికా వెళ్తున్నాం" అన్న కామెంటు ఉంటాయి. కష్టపడి కట్టుకున్న ఇల్లు నలుగురికీ చూపించాలన్న ఆశ నాకు అర్థమవుతుంది. హాలు, వంటగట్టు, బాల్కనీ, తులసికోట చూపించండి. పడకగదుల గుమ్మం దగ్గర కెమెరా ఆపండి.

ఆ ఇళ్లలోని కెమెరాలకు పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చిందే ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) సరిగ్గా ఆ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే ప్రపంచమంతటా లక్షల కెమెరాలు, రికార్డర్లలోకి దూరింది. వాటిని వాడుకుని ఆ అక్టోబరులో పెద్దపెద్ద వెబ్‌సైట్లను గంటలపాటు పడగొట్టారు. ఇన్నేళ్ల తర్వాత కూడా బిగించడానికి వచ్చినవాళ్లు "అడ్మిన్, 12345" పెట్టి వెళ్లిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. బిగించినవాళ్లు గేటు దాటకముందే పాస్‌వర్డ్ మీరే మార్చండి. వాళ్ల ఫోన్‌లో మీ కెమెరాలు కనిపిస్తున్నాయేమో అడిగి, మీ ఎదురుగానే తీయించండి.

"ప్లాన్ ఖరారైంది, వచ్చే వారం స్లాబు. పై అంతస్తుతో సహా ఇల్లంతా వైఫై రావాలంటే ఏ రౌటర్ కొనాలి?" (మధురవాడ, విశాఖపట్నం)

రౌటర్ సంగతి గృహప్రవేశం తర్వాత చూద్దాం. ఇప్పుడు కొనాల్సింది ఇంటర్నెట్ వైర్లు లాగడానికి పైపులు. వేగంగా ఉండే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఇనుమూ కాంక్రీటూ కలిసిన స్లాబు దాటేసరికి నీరసించిపోతుంది. ఎంత ఖరీదైన రౌటరైనా అంతే. హాల్లో టీవీ దగ్గర, చదువుకునే గదిలో, పోర్టికోలో, పై అంతస్తు మధ్యలో ఒక్కో పాయింటు పెట్టి, అక్కడినుంచి ఒకే చోటికి 25 ఎంఎం పైపులు వేయించండి. కరెంటు వైర్లకూ వీటికీ ఒకే పైపు వాడనివ్వకండి. ఎలక్ట్రీషియన్ పైపు ఆదా అవుతుందంటాడు, ఒప్పుకోవద్దు. క్యాట్ 6 అనే ఇంటర్నెట్ వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది కాబట్టి మామూలు ఇంటికి దూరం సమస్యే కాదు. అలాగే ప్రతి స్విచ్ బోర్డుకూ న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్లే వైరు) లాగించండి. ప్లగ్ పాయింటు లేని బోర్డులకు దాన్ని చాలాసార్లు వదిలేస్తారు. తర్వాత స్మార్ట్ స్విచ్‌లు కొన్నప్పుడు చాలా రకాలు అది లేక పనిచేయవు.

స్లాబు పోసే ముందు రోజు సాయంత్రం, వెలుతురు ఉండగానే, టేపు పక్కన పెట్టి ప్రతి పైపునూ ఫొటో తీసుకోండి. పదేళ్ల తర్వాత ఫ్యాన్ హుక్కు కోసం డ్రిల్ పెట్టేటప్పుడు అవి అక్కరకొస్తాయి. ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంటి దస్తావేజులతో పాటు దాచండి, గ్రూపులో మాత్రం పెట్టకండి.