కూర అరటికాయలను ఇంట్లో మాగబెట్టడం గురించి పెద్దమ్మ రాసిన లేఖ

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పచ్చి కూర అరటికాయలను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి ఫ్రిజ్‌లో ఉంచావని, తొక్క బూడిదరంగుకు తిరిగి నల్లబడింది గాని గుజ్జు మాత్రం గట్టిగానే ఉండిపోయిందని, ఆ తరువాత బయట పెట్టి ఎంత ఎదురుచూసినా పండలేదని రాశావు. మళ్లీ కాయలు కొనేముందు విషయం పూర్తిగా తెలుసుకోవాలన్న నీ ఆలోచన నాకు చాలా నచ్చింది. అందుకే కొంచెం విపులంగానే రాస్తున్నాను.

ముందు ఆ కాయల సంగతి చెబుతాను. అరటి వెచ్చని నేలల పంట. పచ్చికాయకు సుమారు 13 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చలి కొంతకాలం తగిలితే తొక్కలోని కణాలు దెబ్బతిని, రంగు చెడి, పండే శక్తి సన్నగిల్లుతుంది. ఫ్రిజ్ లోపల సాధారణంగా 4 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి, అక్కడ కొన్నాళ్లు గడిపిన పచ్చికాయ ఆ తరువాత వెచ్చటి చోటికి వచ్చినా సరిగా కోలుకోదు. అవి ఇక తియ్యని పండ్లవుతాయని ఆశ పెట్టుకోకు. తొక్క తీసి చూసినప్పుడు గుజ్జు శుభ్రంగా, చెడు వాసన లేకుండా ఉంటే పచ్చికాయలుగానే ఉడికించి వాడుకో.

అరటి కోసిన తరువాత కూడా పండగలిగే కాయ. చెట్టు నుంచి వేరుపడినా అది శ్వాసిస్తూనే ఉంటుంది. ఆక్సిజన్‌ను తీసుకుని కార్బన్ డయాక్సైడ్‌ను, నీటి ఆవిరిని, కొంత వేడిని వదులుతుంది. ముదిరిన కాయలో ఒక దశ వచ్చేసరికి ఎథిలీన్ అనే వాయువు తయారుకావడం మొదలవుతుంది, ఆ వాయువు సోకిన కాయ తానూ మరింత ఎథిలీన్‌ను వదులుతుంది, దానితో పక్కకాయ కూడా అదే దారి పడుతుంది. ఆ వాయువు ఆజ్ఞతోనే పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, తొక్కలోని పత్రహరితం విరిగి పసుపు బయటపడుతుంది, వగరు తగ్గుతుంది, గుజ్జు మెత్తబడుతుంది. పచ్చి అరటికాయ గుజ్జు బరువులో దాదాపు ఐదోవంతు పిండిపదార్థమే ఉంటుంది. నేరుగా తినే అరటి రకాల్లో బాగా పండేసరికి అది ఒకటి రెండు శాతానికి పడిపోతుంది. కూర అరటిలో ఈ మార్పు నిదానంగా జరుగుతుంది, తొక్క పసుపుకు తిరిగిన తరువాత కూడా గుజ్జులో పిండి బాగానే మిగిలి ఉంటుంది. మామూలు అరటిపండుకు అలవాటుపడినవాళ్లు కూర అరటి దగ్గర తొందరపడడానికి ఈ తేడా తెలియకపోవడమే కారణమని నా అభిప్రాయం.

పొగబెట్టి కాయలు పండించడం చాలా పాత పద్ధతి, అయితే పొగలో పనిచేసేది ఏమిటో చాలాకాలం ఎవరికీ తెలియదు. వీధిదీపాలకు వాడే గ్యాసు మొక్కల పెరుగుదలను మార్చడానికి అందులోని ఎథిలీనే కారణమని రష్యా శాస్త్రవేత్త దిమిత్రి నెల్యుబోవ్ 1901లో చూపించాడు. పండే పండ్లు ఆ వాయువును స్వయంగా తయారుచేస్తాయని 1934లో ఇంగ్లండుకు చెందిన రిచర్డ్ గేన్ నిరూపించాడు. ఇది తెలిసిన తరువాత ఇంట్లో పొగ పెట్టవలసిన అవసరమే లేదు. మూసిన గదిలో పొగ వల్ల కార్బన్ మోనాక్సైడ్ చేరి మనుషుల ప్రాణానికే ముప్పు కాబట్టి ఆ ఆలోచన అసలు చేయవద్దు. కాయ వదిలే ఎథిలీన్‌ను దాని చుట్టూనే కాసేపు నిలబెట్టి, దానికి కావలసిన గాలినీ వెచ్చదనాన్నీ అందనిస్తే చాలు. ఈ మూడింటిలో ఏది కొరవడినా కాయ మొండికేస్తుంది.

మాగబెట్టడంలో సగం పని కాయను ఎంచుకునేటప్పుడే అయిపోతుంది. లేత కాయను ఏం చేసినా మంచి పండు కాదు. తొక్క ముడతలుపడి, గుజ్జు రబ్బరులా సాగి, చప్పగా ఉంటుంది. కాయను చేతిలోకి తీసుకుని అడ్డంగా వేలితో తడిమి చూడు. లేతకాయకు పలకలు పదునుగా తేలి ఉంటాయి, పలకల మధ్య భాగం లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. ముదిరేకొద్దీ ఆ మధ్య భాగం నిండి, పలకల అంచులు మొద్దుబారతాయి. కూర అరటి రకాల్లో బాగా ముదిరినా కొంత పలక మిగిలే ఉంటుంది కాబట్టి, పూర్తిగా గుండ్రంగా ఉండాలని పట్టుబట్టకుండా నిండుదనం చూసుకోవాలి. కాయ కొనకు అంటిపెట్టుకుని ఉన్న ఎండిన పువ్వు మిగులు వేలితో తాకగానే రాలిపోతే అది కూడా ముదురుకు మంచి గుర్తే. పరిమాణాన్ని చూసి మాత్రం మోసపోవద్దు, ఒకే గెలలో పై హస్తాల, అంటే పై వరుసల, కాయలు పెద్దవిగా, కింది హస్తాల కాయలు చిన్నవిగా ఉండడం సహజం. దెబ్బలు తగిలినవి, పగుళ్లు ఉన్నవి, తొడిమ దగ్గర నల్లటి మెత్తదనం కనిపించేవి పక్కన పెట్టు. గాయపడిన కాయ త్వరగా ఎథిలీన్ వదిలి మిగతావాటికన్నా ముందు మెత్తబడుతుంది, అక్కడే బూజు కూడా మొదలవుతుంది.

ఇంటికి తెచ్చాక కోసిన చోట జిగురు కారుతుంటే కాయలను బోర్లించి ఆరనివ్వు, మట్టి ఉంటే కడిగి, తడి లేకుండా గుడ్డతో పూర్తిగా తుడువు. హస్తం మొదలు దగ్గర తడి నిలిస్తే అక్కడ కుళ్లు పట్టి కాయల్లోకి పాకుతుంది.

ఇప్పుడు అసలు పని. తొందర లేకపోతే కాయలను గాలి ఆడే బుట్టలో, ఎండ నేరుగా పడని చోట, ఒకదాని బరువు మరొకదాని మీద పడకుండా ఉంచితే చాలు. 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనంలో ముదిరిన కాయలు దాదాపు వారంలో పసుపుకు తిరుగుతాయి, నల్లమచ్చలు నిండడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. త్వరగా కావాలంటే కాగితపు సంచిలో పెట్టి నోరు వదులుగా మడిచి, లోపల బాగా పండిన అరటిపండునో ఆపిల్‌నో ఒకటి జతచెయ్యి. ఆ పండు వదిలే ఎథిలీన్ పచ్చికాయలను కదిలిస్తుంది. పెద్ద ఎత్తున పండించేవాళ్లు మూసిన గదుల్లోకి గాలిలో పది లక్షల భాగాలకు సుమారు 100 భాగాల చొప్పున ఎథిలీన్‌ను ఒక రోజుపాటు పంపి, తేమను 90 శాతానికి పైగా నిలబెట్టి, ఆ తరువాత గాలి మార్చి చేసే పనికీ, నీ కాగితపు సంచి చేసే పనికీ మూలం ఒక్కటే.

కాగితమే ఎందుకని నువ్వు అడుగుతావని తెలుసు. కాగితం ఎథిలీన్‌ను కొంతసేపు పట్టి ఉంచుతూనే చెమ్మను బయటికి పోనిస్తుంది, లోపలికి ఆక్సిజన్ రానిస్తుంది. బిగించి కట్టిన ప్లాస్టిక్ సంచిలో కాయ వదిలిన నీటి ఆవిరి చుక్కలుగా మారి తొక్కమీదే నిలుస్తుంది, ఆక్సిజన్ తరిగి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే ఎథిలీన్ పనిని అడ్డుకుంటుంది, ఆక్సిజన్ మరీ తగ్గితే గుజ్జు పులిసిన వాసన కొడుతుంది. ప్లాస్టిక్ తప్ప మరేదీ దొరకకపోతే దానికి అక్కడక్కడ రంధ్రాలు చేసి, మూతి కట్టకుండా వాడు. గాలి మరీ పొడిగా ఉన్న కాలంలో మాత్రం బుట్టలో ఆరుబయట ఉంచిన కాయల తొక్క ముడతలు పడుతుంది, అప్పుడు సంచిలోనో, పలుచని గుడ్డ కప్పో ఉంచడం మేలు. సంచిని రోజుకొకసారి తెరిచి చూడాలి. పండినదాన్ని తీసి, చెమ్మ కనిపిస్తే తుడిచి, కాగితం తడిస్తే మార్చాలి. ఈ సంచి పక్కన ఆకుకూరలను ఉంచకు, ఎథిలీన్ తగిలితే అవి పండుబారిపోతాయి.

వెచ్చదనం మంచిదే గాని వేడి మంచిది కాదు. 30 డిగ్రీలు దాటిన చోట గుజ్జు త్వరగా మెత్తబడి రుచి కుదరదు, కొన్ని అరటి రకాల్లో తొక్క పచ్చగానే ఉండి లోపల ముద్దయిపోతుంది. కాయలను ఓవెన్‌లో పెడితే కాసేపట్లో పండుతాయని నీకు ఎవరో చెప్పారని రాశావు. ఓవెన్‌లో తొక్క నల్లబడేదీ, గుజ్జు మెత్తబడేదీ ఉడకడం వల్ల. పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు ఆ వేడికి పనిచేయకుండా పోతాయి. బయటికి పండులా కనిపించినా తీపి రాదు. ఆ మెత్తదనం వంటకు అక్కరకొస్తుందేమో గాని దాన్ని మాగబెట్టడం అనలేము.

ఒక విషయంలో మాత్రం నీకు గట్టిగా చెప్పాలి. కాల్షియం కార్బైడ్‌ను, దాని పొట్లాలను కాయల మధ్య ఎన్నడూ పెట్టవద్దు. తేమ తగిలితే దాని నుంచి ఎసిటిలీన్ వెలువడి ఎథిలీన్‌లాగే కాయను రంగు మారుస్తుంది, అయితే ఆ వాయువు సులభంగా అంటుకుంటుంది, పరిశ్రమల్లో వాడే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సమ్మేళనాల మలినాలు ఉంటాయి. పైగా లేతకాయకు కూడా పసుపు రంగు తెప్పించడం వల్ల తినేవాళ్లకు రుచీ దక్కదు. పండించే మందు నీళ్లలో ముంచడం కూడా ఇంట్లో కొలత తెలియకుండా చేసే పని కాదు. ఒక ఆపిల్ చేయగలిగిన పనికి విషాన్ని ఆశ్రయించడం ఎందుకు?

ఇక పండిందని ఎలా తెలుసుకోవాలి? మామూలు అరటిపండు నల్లబడితే పారేసే అలవాటు మనకు ఉంటుంది, కూర అరటి విషయంలో ఆ అలవాటును మానుకోవాలి. పచ్చగా ఉన్నప్పుడు తొక్క గుజ్జును అంటిపెట్టుకుని ఉంటుంది, చాకుతో గీరితే తప్ప రాదు. గుజ్జు గట్టిగా, తీపి లేకుండా ఉంటుంది. పసుపు తిరిగాక కొద్దిగా తీపి చేరినా ముక్క విరగకుండా నిలుస్తుంది. పసుపు మీద నల్లమచ్చలు వ్యాపించినప్పుడు తీపీ, గట్టిదనమూ రెండూ కలిసి ఉంటాయి, ముక్కలు కోసి వేయించడానికి ఈ దశే నాకు అన్నిటికన్నా ఇష్టం. తొక్క దాదాపు పూర్తిగా నల్లబడి పలుచబడినప్పుడు తీపి అత్యధికంగా ఉంటుంది, మెదిపి చేసే వంటలకు అది సరిపోతుంది. వేలితో నొక్కి చూసేటప్పుడు మధ్యలోనే కాక తొడిమ వైపు, కొన వైపు కూడా నొక్కాలి. మూడు చోట్లా ఒకే తీరుగా లొంగితే లోపల కూడా సమంగా పండినట్టే. మధ్యలో మెత్తగా ఉండి తొడిమ వైపు గట్టిగా తగిలితే ఇంకొక రోజు ఆగు. బాగా పండిన కూర అరటిని కూడా సాధారణంగా వండుకునే తింటారు గనుక, నేరుగా తినే పండంత మెత్తదనం కోసం ఎదురుచూడవలసిన పని లేదు. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ఉంటే, పండేకొద్దీ పిండి చక్కెరగా మారుతుందని గుర్తుపెట్టుకుని వాళ్ల కోసం పచ్చిదశలో కొన్ని విడిగా తీసి ఉంచు.

అన్నీ ఒకేసారి పండకుండా ఉండాలంటే కాయలను రెండు భాగాలుగా విడదీసి, ఒక భాగాన్ని మాత్రమే సంచిలో పెట్టి, రెండవదాన్ని గాలి ఆడే చల్లని మూలన, పండినవాటికి దూరంగా ఉంచు. చల్లనంటే 14 డిగ్రీలకు తగ్గని చల్లదనమే, ఫ్రిజ్ కాదు. నీకు కావలసిన దశకు వచ్చిన తరువాత మాత్రం ఫ్రిజ్ పనికొస్తుంది. అప్పుడు తొక్క మరింత నల్లబడినా గుజ్జు కొన్ని రోజులపాటు అదే స్థితిలో నిలుస్తుంది. అంతకన్నా ఎక్కువకాలం ఉంచాలంటే తొక్క తీసి, ముక్కలు కోసి, ఒకదానికొకటి అంటకుండా పళ్లెంలో పరిచి గడ్డకట్టించి, ఆ తరువాత డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో ఉంచుకో. తొక్క చీలి ద్రవం కారుతున్నా, సారా వాసన వేస్తున్నా, బూజు గుజ్జులోకి దిగినా ఆ కాయను అవతల పారేయాలి. తొడిమ పైన మాత్రమే కొద్దిగా బూజు కనిపిస్తే అంతమేర తొడిమను దిట్టంగా కోసేసి, లోపల గుజ్జు శుభ్రంగా, మంచి వాసనతో ఉందని చూసుకున్న తరువాతే వాడుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ