పటంలోని చూపు

ప్రశ్న: మా నట్టింట్లో తాతగారి తైలవర్ణ చిత్రం ఉంది. వీధి గుమ్మంలో నిలుచున్నా, పెరటివైపు నడిచినా ఆయన చూపు నన్నే వెంబడిస్తున్నట్టు ఉంటుంది. అది చిత్రకారుడి ప్రతిభా, నా భ్రమా? కొన్ని బొమ్మలే మనల్ని అంతసేపు ఎందుకు నిలబెడతాయి?
(ఒక పాఠకురాలు, ఆమదాలవలస)

జవాబు: ఎదుట కూర్చున్న మనిషి ముందు మీరు పక్కకు జరిగితే, అంతవరకూ కనబడని చెవి కనబడుతుంది, అవతలి చెంప ముక్కు చాటుకు పోతుంది, కనుపాప కంటి మూలకు చేరినట్టు తోస్తుంది. బల్లపరుపు గుడ్డ మీద గీసిన ముఖంలో వీటిలో ఏదీ జరగదు. నడుమ గీసిన కనుపాప మీరెక్కడికి వెళ్ళినా నడుమనే ఉంటుంది కనుక, ఆయనే మీతోపాటు తల తిప్పారని మనసు తీర్మానించుకుంటుంది. చిత్రకారుడు ఆ చూపును కిటికీ వైపు మళ్ళించి ఉంటే, ఏ మూల నిలబడినా తాతగారు మిమ్మల్ని చూసేవారు కారు. క్యాలెండరు బొమ్మలోనూ ఇదే జరుగుతుంది. ఇందులో ప్రతిభ పాలు తక్కువే.

మీ రెండో ప్రశ్న గట్టిది. చూపు కలిపినంత మాత్రాన ఏ బొమ్మా పావుగంట నిలబెట్టలేదు. రష్యన్ శాస్త్రవేత్త యార్బస్, ప్రవాసం నుంచి అనుకోకుండా ఇల్లు చేరిన మనిషిని ఇల్యా రెపిన్ గీసిన చిత్రం చూపించి, చూసేవారి కంటి కదలికలను నమోదు చేశాడు. అందులోని వారి వయసు అడిగితే కళ్ళు ముఖాల మీద తిరిగాయి. ఆ కుటుంబం కలిమిలేముల గురించి అడిగితే బట్టల మీదికీ, సామాను మీదికీ మళ్ళాయి. కంటిని నడిపించేది మనలో పుట్టిన ప్రశ్నే అన్నమాట. ఒకటి తీరగానే మరొకటి పుట్టించే బొమ్మ దగ్గర కాలు కదలదు. అన్నీ తానే చెప్పేసే బొమ్మను, ఎంత నునుపుగా గీసినా, దాటిపోతామని నా అభిప్రాయం.

ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022లో పార్వతీపురం మన్యంలో చేరిన సీతంపేట వైపు సవర గిరిజనుల గోడబొమ్మలు చూడండి. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో గీసిన చట్రంలో మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు కిక్కిరిసి ఉంటారు. దగ్గరా దూరాల తేడా ఉండదు, మనల్ని వెంబడించడానికి ముఖాలకు కళ్ళే ఉండవు. అయినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కన్ను వరుస వెంట వరుస తిరుగుతూనే ఉంటుంది. విచిత్రమేమంటే అవి చూపరుల కోసం వేసినవే కావు. దేవతలకూ, గతించిన పెద్దలకూ నివాసంగా వేసినవి.

ప్రశ్న: అచ్చు బొమ్మకు అసలు బొమ్మకున్న ఆకర్షణ ఉంటుందా?
(ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: రంగు పొర మందం, కుంచె జాడ అచ్చులో పోతాయి, కొలత మారుతుంది. అయినా ఉండదని నేననలేను. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన చిత్రకారుడు వడ్డాది పాపయ్యను తెలుగువారిలో ఎక్కువమంది ఎరిగింది చందమామ, యువ పత్రికల అచ్చు బొమ్మల్లోనే.