పక్షి ఎంత దూరంలో ఉంది, మాస్టారూ?

ప్రశ్న: నమస్కారమండీ. నేను కైకలూరు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆటపాక పక్షుల కేంద్రం మాకు సైకిల్ మీద వెళ్లొచ్చేంత దగ్గర, చలికాలంలో నా ఆదివారాలన్నీ అక్కడే. ఇన్నాళ్లూ ఫోన్‌తో తీశాను, చాల్లేదు. ఇప్పుడు అరవై వేలు పక్కన పెట్టాను. మా బావమరిది డీఎస్ఎల్ఆర్ (అద్దం ఉండి, లెన్సులు మార్చుకునే కెమెరా) తప్ప ఇంకోటి చూడొద్దంటున్నాడు. షాపులో మాత్రం 83 రెట్ల జూమ్ ఉన్న సూపర్‌జూమ్ కెమెరా చూపించి, లెన్సులు మార్చే పనే లేదన్నారు. మా అమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది, దాని ప్రోగ్రాములు కూడా తీయాలి. రెండింటికీ పనికొచ్చేది ఒక్కటి చెప్పండి, టెన్షన్ తీరుతుంది.

జవాబు: మాస్టారూ, రెండింటికీ బాగా పనికొచ్చే కెమెరా ఆ డబ్బులో లేదు. ఉందని చెప్పి మీ చేత కొనిపించడం నాకు ఇష్టం లేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. కొంచెం పెద్ద సెన్సార్ (వెలుతురును బొమ్మగా మార్చే చిప్) ఉండి 600 ఎంఎం (ఈ అంకె పెరిగేకొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది) దాకా వెళ్లే సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4 లాంటివి ఆ రెండు పనులకూ మధ్యలో ఉంటాయి గానీ, వాటి ధర మీ అరవై వేలకు అందదు. కాబట్టి ఏ ఫొటో రాకపోతే మీకు ఎక్కువ బాధ కలుగుతుందో ముందు తేల్చుకోవాలి. ఉత్తరం చదివితే అది పక్షే అనిపించింది. కానీ ఉత్తరంలో కెమెరాల సంగతి ఉంది గానీ, పక్షి మీకు ఎంత దూరంలో వాలుతుందో ఎక్కడా లేదు. నేను ముందు అడిగేది అదే.

నా మొదటి కెమెరా డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన 18-55 లెన్సుతోనే నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాను. కట్ట మీద నిలబడి రెండు గంటలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే పచ్చటి చెట్ల మీద తెల్ల చుక్కలు, అంతే. గూడబాతు ముక్కు మీది మచ్చలు కళ్లకు కట్టినట్టు తీయాలని వెళ్లినవాణ్ణి, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కెమెరా తప్పేమీ లేదు, నా చేతిలో ఉన్నది ఆ దూరానికి తగిన లెన్సు కాదు. అందుకే దూరం సంగతి ఇంత పట్టుబట్టి అడుగుతున్నాను.

ఇప్పుడు 83 రెట్లంటే ఏమిటో చూద్దాం. లెన్సు చూపించే అతి వెడల్పు దృశ్యానికీ అతి దగ్గర దృశ్యానికీ మధ్య నిష్పత్తి అది, అంతకు మించి ఏం లేదు. నికాన్ పీ900, పీ950 రెండూ 35 ఎంఎం ఫిల్ము కొలతలో (సెన్సార్లు వేరైనా లెన్సులను పోల్చుకోవడానికి వాడే లెక్క ఇది) 24 దగ్గర మొదలై 2000 దాకా వెళతాయి, భాగిస్తే 83. అడవి జంతువులను తీసేవాళ్లు మోసుకెళ్లే పెద్ద 600 ఎంఎం లెన్సుకు జూమే ఉండదు, రెట్ల లెక్కలో చూస్తే అది ఒక్క రెట్టు. కాబట్టి షాపులో రెట్లు అడగకండి, చివరి అంకె ఎన్ని ఎంఎం అని అడగండి.

డీఎస్ఎల్ఆర్ వైపు చూస్తే, కానన్ 1500డి లాంటి మొదటి మెట్టు కెమెరాకు అందుబాటు ధరలో దొరికే దూరపు లెన్సు 55-250. ఆ సెన్సార్ మీద 250 అంటే ఫిల్ము కొలతలో 400. అంటే పీ950లో పక్షి నిలువునా అడ్డంగా ఐదింతలు పెద్దగా కనిపిస్తుంది. తర్వాత కత్తిరించుకుంటాలే అని బావమరిది అంటారేమో, 24 మెగాపిక్సెళ్ల ఫొటోలోంచి అంత ముక్క కత్తిరిస్తే మిగిలేది 25వ వంతు, ఒక్క మెగాపిక్సెల్ కూడా రాదు. అదే పీ950లో ఆ పక్షి మీద పూర్తిగా 16 మెగాపిక్సెళ్లు ఉంటాయి. దూరంగా, మంచి వెలుతురులో, కదలకుండా కూర్చున్న పక్షి దగ్గర సూపర్‌జూమ్ గెలుస్తుంది. కావాలంటే మీ బావమరిదికి ఈ లెక్క చూపించండి.

మరి అంత చిన్న లెన్సు అంత దూరం ఎలా వెళ్లగలిగిందంటే, లోపల సెన్సార్ చాలా చిన్నది కాబట్టి. దాని కొలత సుమారు 6.2 ఎంఎం, 4.6 ఎంఎం, ఇంచుమించు ఒక శనగబద్దంత. 1500డి సెన్సార్ 22.3, 14.9 ఎంఎం, చిన్న పోస్టల్ స్టాంపంత ఉంటుంది. విస్తీర్ణంలో 12 రెట్లు తేడా. పీ950లో 2000 దగ్గర లెన్సు అసలు కొలత (ఫోకల్ లెంగ్త్) 357 ఎంఎమ్మే, చిన్న సెన్సార్ ఆ బొమ్మలో మధ్య ముక్క మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి 2000లా కనిపిస్తుంది. ఈ లాభానికి మూల్యం వెలుతురు తగ్గినప్పుడు చెల్లించాలి. మబ్బు పట్టినప్పుడు, సాయంత్రం ఐదున్నర దాటాక, ఐఎస్ఓ (వెలుతురు తగ్గినప్పుడు ఫొటోను ప్రకాశవంతం చేయడానికి పెంచే అంకె) 800 పైకి వెళ్లేసరికి ఈకల గీతలు కరిగిపోయి రంగు పూసినట్టు అవుతుంది. ఆ వెలుతురులో డీఎస్ఎల్ఆర్ 1600, 3200 దగ్గర కూడా నిబ్బరంగా పనిచేస్తుంది.

ఇంకోటి ఉంది, దాన్ని ఏ షాపువాళ్లూ చెప్పరు. పొద్దెక్కాక నీళ్ల మీద గాలి కాగి అలలాడుతుంది, తారు రోడ్డు మీద ఎండమావి చూస్తాం కదా, అదే. 2000 ఎంఎం దగ్గర మీకూ పక్షికీ మధ్య ఆ గాలి అంతా అడ్డం ఉంటుంది, ఫోకస్ సరిగ్గా ఉన్నా ఫొటో మెత్తగా వస్తుంది. చాలామంది కెమెరా పాడైందని సర్వీసుకు ఇచ్చేది ఇందుకే, పాపం. ఎంత ఖరీదైన లెన్సూ దీన్ని ఆపలేదు. సూర్యుడు పైకొచ్చిన మొదటి గంటన్నరలో తీసెయ్యండి, తర్వాత దగ్గరి పక్షుల మీదికి వెళ్లండి. మీరు సైకిల్ దూరంలో ఉన్నారు, ఆ గంటన్నర మీకు ప్రతి ఆదివారం దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి తొమ్మిదింటికి దిగేవాళ్లకు ఆ అదృష్టం లేదు.

ఎగిరే పక్షి దగ్గర మాత్రం నేను డీఎస్ఎల్ఆర్ పక్షమే. దాని వ్యూఫైండర్‌లో మీరు చూసేది అద్దంలోంచి వచ్చే అసలు దృశ్యం, ఆలస్యం ఉండదు, ఫోకస్ కూడా చటుక్కున పట్టుకుంటుంది. సూపర్‌జూమ్‌లో చూసేది చిన్న తెర, అది ఒక్క క్షణం వెనకబడుతుంది, ఈలోగా లకుముకి పిట్ట నీళ్లలో మునిగి తేలి పోతుంది. గూడబాతు నయం, విమానంలా నిదానంగా గిరికీ కొట్టి దిగుతుంది, నాలుగైదు ఆదివారాలు సాధన చేస్తే అందుతుంది. పీ900లో, పీ950లో లెన్సు పక్కన ఒక బటన్ ఉంటుంది, నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వస్తుంది, పక్షి ఎక్కడుందో చూసుకుని వదిలేస్తే మళ్లీ పాత జూమ్‌కే వెళ్తుంది. మొదటి రోజే ఆ బటన్ మీద వేలు అలవాటు చేసుకోండి. 2000 దగ్గర పక్షిని వెతకడమంటే సన్నటి గొట్టంలోంచి ఆకాశం చూడటమే.

కాబట్టి నా మాట ఇది: ఆటపాక కోసమే అయితే సూపర్‌జూమ్ తీసుకోండి. పీ950 మీ డబ్బులో వస్తే అదే, అందులో రా ఫైళ్లు (తర్వాత కంప్యూటర్లో సరిదిద్దుకోవడానికి వీలైన ముడి ఫొటోలు) తీయొచ్చు, డయల్ మీద పక్షుల కోసం వేరే మోడ్ కూడా ఉంది. రాకపోతే వాడిన పీ900 చూడండి, రా ఉండదు, జేపెగ్ ఒక్కటే, అయినా పగటి వెలుతురుకు బాగుంటుంది. కానన్ ఎస్ఎక్స్70 1365 ఎంఎం దాకా వెళ్తుంది, చేతిలో తేలిక, పడవలో వెళ్లేవారికి ఆ తేలిక ముఖ్యమే. 125 రెట్ల పీ1000 జోలికి మాత్రం వెళ్లకండి, దాదాపు కిలోన్నర బరువు, 3000 దగ్గర చేతి వణుకు ఆపడం కష్టం, ఎండమావి ఇంకా ఎక్కువ. మీరు గుంటూరు పక్కన ఉప్పలపాడులో ఉండి ఉంటే ఇదంతా తిరగేసి చెప్పేవాణ్ణి, అక్కడ ఊరి చెరువులో చెట్ల మీది పక్షులు గట్టుకు దగ్గర, 55-250 వేసిన డీఎస్ఎల్ఆర్ సరిపోతుంది, ఫొటో కూడా ఎక్కువ అందంగా వస్తుంది.

ఇక అమ్మాయి నాట్యం. సూపర్‌జూమ్ ఇక్కడ మిమ్మల్ని కొంత నిరాశ పరుస్తుంది, తెలిసే కొనుక్కోండి. ముందు వరసలో కూర్చుని జూమ్ తక్కువగా వాడితే లెన్సు ఎఫ్2.8కి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ వస్తుంది) దగ్గర్లో ఉంటుంది, వెనక వరస నుంచి జూమ్ చేస్తే వెలుతురు పడిపోయి చేతులు, జడ చెదిరిపోతాయి. జతి సాగుతున్నంతసేపూ నొక్కుతూ ఉండకండి, ముక్తాయింపు మీద పిల్ల భంగిమలో ఒక్క క్షణం నిలుస్తుంది కదా, అక్కడ నొక్కండి. ఆ తాళం ఇంట్లో రోజూ వింటున్నారు కాబట్టి ఇది ఏ కెమెరామన్ కన్నా మీకే బాగా తెలుస్తుంది. మొత్తం అంశాన్ని వీడియో తీయడానికి ఈ కెమెరా బాగానే ఉంటుంది. ఫ్లాష్ వెయ్యొద్దు, పిల్ల కళ్లలో పడుతుంది. తర్వాత ఎప్పుడైనా కొంత డబ్బు చేరితే వాడిన డీఎస్ఎల్ఆర్ బాడీ ఒకటి, 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు ఒకటి కొనండి. కెమెరాతో వచ్చే కిట్ లెన్సు 55 ఎంఎం దగ్గర ఇచ్చే వెలుతురుకు అది ఇంచుమించు పది రెట్లు ఇస్తుంది, స్టేజీ ఫొటోల తీరే మారిపోతుంది.

కొనే రోజున మీ మెమరీ కార్డు మీరే పట్టుకెళ్లండి. షాపు గుమ్మంలో నిలబడి రోడ్డు అవతలి బోర్డు పూర్తి జూమ్‌లో తీయండి, లోపల చీకటి మూల జూమ్ లేకుండా తీయండి, ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకున్నాకే డబ్బు కట్టండి. కొల్లేరు పక్కన ఇళ్లలో తేమ ఎక్కువ కదా, కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాస్తే లెన్సు లోపల బూజు పట్టేస్తుంది, సూపర్‌జూమ్‌లో లెన్సు విడిగా రాదు కాబట్టి కెమెరా మొత్తం పోయినట్టే. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి, నెలకోసారి పొట్లాలు మార్చండి. ఇంకో బ్యాటరీ తప్పకుండా కొనండి, పీ900కి ఒక చార్జింగ్‌తో కంపెనీ చెప్పేదే 360 ఫొటోలు.

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. డిగ్రీ చదువుతూ పెళ్లిళ్లకు సహాయకుడిగా పోతున్నాను. మా సీనియర్ నికాన్ డీ3500 అమ్ముతానంటున్నాడు. తీసుకోవచ్చా, లేక కొత్త సూపర్‌జూమ్ కొనాలా?

జవాబు: తమ్ముడూ, పెళ్లి పనికి సూపర్‌జూమ్ వద్దు. మండపంలో పెళ్లికూతురు నీకు పది అడుగుల్లో ఉంటుంది, అక్కడ కావాల్సింది వెలుతురును పట్టుకునే సెన్సార్, దూరం కాదు. డీ3500 మంచి కెమెరా, బ్యాటరీ ఒక చార్జింగ్‌కు 1550 ఫొటోలు వస్తుందని నికాన్ చెప్పుకుంది, రాత్రి ముహూర్తాలకు అది చిన్న విషయం కాదు. కొనే ముందు మాత్రం షటర్ ఎన్నిసార్లు పడిందో చూడు, నికాన్ ఫొటో ఫైల్‌లోనే ఆ లెక్క ఉంటుంది, ఎడిటింగ్ చేయని ఒరిజినల్ ఫొటో అడుగు. లెన్సును సెల్ టార్చికి అడ్డం పెట్టి సాలెగూడు లాంటి తెల్ల దారాలు (బూజు) ఉన్నాయేమో చూడు. ఎఫ్16 పెట్టి తెల్ల గోడను తీస్తే సెన్సార్ మీది దుమ్ము మచ్చలు బయటపడతాయి, అవి తుడిపించుకోవచ్చు, భయపడకు.

ముఖ్యమైనది ఇంకోటి. డీ3500 బాడీలో ఫోకస్ మోటార్ లేదు. తక్కువకు వస్తోందని పాత 50 ఎంఎం ఎఫ్1.8డి కొంటే ఆటోఫోకస్ పనిచేయదు, తలంబ్రాలు పోసే సమయంలో చేత్తో ఫోకస్ తిప్పుతూ కూర్చోవాలి. లెన్సు మీద ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ (లెన్సులోనే మోటార్ ఉందని గుర్తు) అని ఉందా అని చూసే తీసుకో.

ప్రశ్న: అందరూ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్సులు మార్చుకునే కెమెరా) అంటున్నారు. ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ కొంటే డబ్బు దండగా? విశాఖ నుంచి ఒక పాఠకురాలు.

జవాబు: కొత్తది కొనాలంటే మిర్రర్‌లెస్సే కొనండమ్మా. 2020 తర్వాత నికాన్ నుంచి గానీ కానన్ నుంచి గానీ కొత్త డీఎస్ఎల్ఆర్ రాలేదు, వాళ్ల కొత్త లెన్సులన్నీ అటువైపే వస్తున్నాయి. వాడినది తక్కువలో కొని నేర్చుకోవాలంటే డీఎస్ఎల్ఆర్ ఇప్పటికీ మంచి బేరం, అందరూ మిర్రర్‌లెస్‌కు మారుతున్నారు కాబట్టి మంచి లెన్సులు బయటికొస్తున్నాయి. రేపు మీరు మారినా లెన్సులు వృథా కావు, కానన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో ఆర్ఎఫ్ (కానన్ మిర్రర్‌లెస్) కెమెరాల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి, నికాన్ ఏఎఫ్-ఎస్ లెన్సులు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో జెడ్ (నికాన్ మిర్రర్‌లెస్) కెమెరాల మీద పనిచేస్తాయి. అడాప్టర్ ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి.