మందులు మింగేది ఆయన, నేను మాట్లాడింది కూతురితో!

ప్రశ్న: ఫార్మ్‌-డి (ఆరేళ్ల ఫార్మసీ కోర్సు) నాలుగో ఏడాది చదువుతున్నాను. వార్డు పోస్టింగ్‌లో ఉండగా, చూపు లేని ఒక పెద్దాయనకు డిశ్చార్జి మందుల గురించి చెప్పమన్నారు. పక్కనున్న కూతురికే అన్నీ చెప్పేశాను. అంతా విని ఆయన ‘‘మింగేది నేనేనమ్మా’’ అన్నారు. తల కొట్టేసినట్టయింది. వికలాంగులు ఎదురైతే జాలేసి నాకు నోరు పెగలదు. పేషెంట్లతో పని లేని ఫార్మకోవిజిలెన్స్‌కో (మందుల దుష్ప్రభావాల రిపోర్టులు చూసే పని) మెడికల్ కోడింగ్‌కో (జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు వేసే పని) వెళ్లిపోవడం మంచిదా? - ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: కోడింగ్ ఇష్టమైతే నిక్షేపంగా వెళ్లండి. కానీ ఒక్క మాటకు జడిసి ఆరేళ్ల చదువును కంప్యూటర్ వెనక దాచుకోవద్దు. ఆయన మిమ్మల్ని తిట్టలేదు, పని ఎక్కడ తప్పిందో చూపించారు. లెక్చరర్లు కూడా అంత సూటిగా చెప్పరు.

జాలి అన్నారు. ఆయన్ని దాటేసి కూతురితో మాట్లాడించింది ఆ జాలే. ‘పాపం, ఆయనకేం తెలుస్తుందిలే’ అనుకున్న క్షణం నుంచి మీ ముందున్నది పేషెంట్ కాదు, కూతురు ఇంటికి తీసుకెళ్లాల్సిన సామాన్లలో ఒకటి. మా మేనమామకు చిన్నప్పుడే పోలియోతో ఒక కాలు చచ్చుబడింది. జ్వరం మాత్ర కోసం వెళ్లినా మెడికల్ షాపతను ముందు కాలు సంగతే అడిగేవాడు. ‘‘జ్వరం కాలికి కాదు నాయనా, ఒంటికొచ్చింది’’ అని మామయ్య ప్రతిసారీ చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ షాపతను చెడ్డవాడేం కాదు, జాలిగుండె.

ఇంకో సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. 1995 చట్టంలో ఉన్నవి ఏడే. కొత్త జాబితాలో తలసీమియా, సికిల్ సెల్, హీమోఫిలియా, పార్కిన్సన్స్ కూడా ఉన్నాయి. అంటే వార్డులో ఇప్పటికే ఎంతోమంది వికలాంగులకు మీరు మందులు చెప్పే ఉంటారు. అప్పుడు పెగిలిన నోరు నల్లకళ్లద్దాలు చూడగానే ఎందుకు మూతపడిందో ఒకసారి ఆలోచించండి. దివ్యాంగులనాలా, వికలాంగులనాలా అని క్లాసుల్లో వాదించుకుంటుంటారు. ఆయన్ని ‘అయ్యా’ అని పిలిస్తే సరిపోయేది.

అదే పెద్దాయన రేపు మళ్లీ వచ్చారనుకుందాం. మీ తెల్లకోటు ఆయనకు కనపడదు కాబట్టి ముందు మీరెవరో, ఎందుకొచ్చారో చెప్పండి. స్ట్రిప్పులు ఒక్కొక్కటే చేతికివ్వండి. బీపీ మాత్రల స్ట్రిప్పు, షుగర్ మాత్రల స్ట్రిప్పు తడిమి చూస్తే చాలాసార్లు ఒకేలా ఉంటాయి. ‘‘ఇంట్లో వీటినెలా గుర్తుపడతారండీ?’’ అని అడగండి. మీకు తట్టని ఉపాయం ఆయన దగ్గర ఉండొచ్చు: రాత్రి మందుకు రబ్బరు బ్యాండు చుట్టడం, పొద్దుటి మందు వేరే డబ్బాలో వేసుకోవడం. ఏదీ లేదంటే అప్పుడు మీరు చెప్పండి. చివర్లో ఏది ఎప్పుడు వేసుకోవాలో ఆయన నోటితోనే చెప్పించుకోండి. ‘‘మీ అమ్మాయికి కూడా చెప్పమంటారా?’’ అన్న ప్రశ్న ఆ తర్వాత, అదీ ఆయన్నే.

ఇన్సులిన్ ఉంటే మరీ జాగ్రత్త. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్సూ (మందు సీసాలు) ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. ఎర్రమూత సిరంజి మొదటిదానికి, నారింజ మూతది రెండోదానికి. చూపు మసకబారినవాళ్లకు మూత రంగే తెలియదు, ఇక గీతలేం కనిపిస్తాయి? 40 యూనిట్ల మందును 100 సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. ‘పెన్ను క్లిక్కులు లెక్కపెట్టుకోండి’ అని తేలిగ్గా అనేస్తుంటారు. క్లిక్కులను నమ్మి డోసు పెట్టుకోవద్దని కొన్ని పెన్నులతో వచ్చే కాగితంలోనే రాసుంటుంది.

వినపడనివాళ్ల దగ్గర అరవకండి. మాస్కు దించి, ఎదురుగా నిలబడి మాట్లాడండి. తెలుగు చదవడం రానివారైతే సూర్యుడి బొమ్మ, చంద్రుడి బొమ్మ గీసివ్వండి. చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ల కోసం కౌంటర్ దాటి బయటికి రండి.

తప్పంతా మీదే అనను. వైద్య సిబ్బంది చదువుల్లో వైకల్యం గురించి ఒక భాగం ఉండాలని ఆ 2016 చట్టం 47వ సెక్షనే చెబుతోంది. ఎన్ని కాలేజీల్లో దీనికి రెండు పీరియడ్లయినా దొరుకుతాయో మీకే తెలుసు.

మీకొక దారి ఉంది. అయిదో ఏడాదిలో ఆరు నెలల ప్రాజెక్టు చేయాలి కదా, వికలాంగుల పట్ల ఫార్మసీ విద్యార్థుల వైఖరినే అంశంగా తీసుకోండి. వికలాంగుల పట్ల వైఖరిని కొలవడానికి 1960లో అమెరికాలో యూకర్ అనే పరిశోధకుడి బృందం తయారుచేసిన ఏటీడీపీ అనే ప్రశ్నావళి ఉంది. దాని ‘ఓ’ ఫారంలో 20 వాక్యాలుంటాయి. ఒక్కోదానికీ ఎంతవరకు ఒప్పుకుంటారో గుర్తించాలి. నాకు మాత్రం దానిమీద పూర్తి నమ్మకం లేదు. కాగితం మీద అందరం మంచివాళ్లమే, ఏ జవాబు పెడితే బాగుంటుందో తెలిసిపోతుంది. అందుకే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, మందుల కౌంటర్ దగ్గర కూడా కొన్నాళ్లు గమనించండి. మందిచ్చేవాళ్లు మాట్లాడేటప్పుడు చూస్తున్నది పేషెంట్‌నా, వెంట వచ్చినవాళ్లనా? అది రాసుకోండి చాలు. రేపు క్లినికల్ ఫార్మసిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్తే మీ నోట్సులోంచే చెప్పడానికి బోలెడంత ఉంటుంది. అప్పటికీ ఫార్మకోవిజిలెన్సే కావాలనిపిస్తే అందులోనే చేరండి. అక్కడ చదివే రిపోర్టుల్లోనూ ఉండేది మనుషులే.

ఈలోగా ఆ పెద్దాయన మళ్లీ చూపించుకోవడానికి ఎప్పుడొస్తారో కనుక్కోండి. ఆ రోజు ఓపీ దగ్గర పేరు చెప్పి పలకరించండి. పొడుగాటి క్షమాపణలేం వద్దు. స్ట్రిప్పులు చేతికిచ్చి, ఇందులో రాత్రిది ఏదండీ అని అడగండి.