టెక్ సందేహాలు: గట్టిగా బిగించినా టర్మినల్ ఎందుకు కాలుతోంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పక్కకు పోయాయి. బోరు మోటర్ నుంచి మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్) దాకా అందరి బాధా వైరు కొస దగ్గరే, అంటే దాన్ని బిగించే టర్మినల్ దగ్గరే ఉంది. అందుకే వాటన్నిటినీ ఒకచోట పెట్టాను.

సార్, మాది నర్సంపేట దగ్గర పల్లె. బోరుకు 5 హెచ్‌పీ మోటర్ ఉన్నది. స్టార్టర్ లోపట నడిమి ఫేజు టర్మినల్ రెండుసార్లు కాలింది. ఎలక్ట్రీషియన్ ఇంకా పెద్ద ఆంపియర్ల టర్మినల్ వెయ్యాలె అంటుండు. నిజమేనా?

నాకైతే అలా అనిపించడం లేదు. 415 వోల్టుల త్రీఫేజు మీద 5 హెచ్‌పీ మోటర్ పూర్తి లోడులో లాగేది ఎనిమిది, పది ఆంపియర్ల ప్రాంతంలోనే. నేరుగా స్టార్ట్ చేస్తే మొదటి క్షణంలో దానికి ఆరేడు రెట్లు లాగుతుంది కానీ అది వెంటనే దిగిపోతుంది. పక్కనున్న రెండు ఫేజులు కూడా అదే కరెంటు మోస్తున్నాయి కదా, అవి బాగానే ఉన్నాయి. అంటే లోపం టర్మినల్ సైజులో లేదు, ఆ ఒక్క జాయింటులోనే ఉంది.

జాయింటు కాస్త వదులై 0.1 ఓం రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి. పది ఆంపియర్లు పోతుంటే అక్కడ పుట్టే వేడి 10 వాట్లు. గోరంత స్క్రూకు అది చాలా ఎక్కువ. వేడెక్కిన కొద్దీ పట్టు ఇంకా సడలుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. చివరికి ఆ ఫేజు తెగి, మోటర్ రెండు ఫేజుల మీదే నడవాల్సి వస్తుంది. అప్పుడు మిగిలిన రెండు వైర్లలో కరెంటు దాదాపు 1.7 రెట్లవుతుంది. ఒక ఫేజు పోగానే మోటర్‌ను ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేకపోతే వైండింగ్ కాలిపోవడమే, ఆ ఖర్చు ముందు టర్మినల్ ధర ఏపాటిది!

మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి, మూడు ఫేజులనూ టెస్టర్‌తో చూశాకే డబ్బా తెరవమనండి. కాలిన చోట బేకలైట్ (టర్మినల్ గట్టి ప్లాస్టిక్) బొగ్గుబారి ఉంటుంది. గీకి మళ్లీ వాడొద్దు, ఆ టర్మినల్ మార్చాల్సిందే. వైరు కొస నల్లబడి, వంచితే పుటుక్కున విరుగుతుంది. రాగి తళతళలాడే చోటు వచ్చేదాకా కోసెయ్యాలి. తరువాత వైరు సైజుకు సరిపోయే రింగు లగ్గు (కొసకు తొడిగే ఉంగరం లాంటి లోహపు ముక్క) వేసి క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి. కటింగ్ ప్లేయర్‌తో నొక్కిన లగ్గు పైకి బాగానే కనిపిస్తుంది, లాగితే చేతిలోకి వస్తుంది. స్క్రూ కింద ఇన్సులేషన్ ఇరుక్కుందేమో కూడా చూడండి, ఇలాంటి కేసుల్లో తరచూ కనిపించేది అదే.

ఇంకొకటి, లైను వైపు నుంచి వచ్చేది అల్యూమినియం వైరా? అయితే దాన్నీ రాగి వైరునూ కలిపి ఒకే స్క్రూ కింద పెట్టొద్దు. తేమ తగిలితే ఆ రెండు లోహాల మధ్య తుప్పు పడుతుంది. టిన్ను పూత ఉన్న కనెక్టర్‌లో చెరో వైపు, చెరో స్క్రూ కింద బిగించాలి. స్తంభం దగ్గరి పని మాత్రం లైన్‌మన్‌కే వదిలేయండి.

హనుమకొండలో బీటెక్ చదువుతున్నాను. ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్‌తో నేల తేమను బట్టి మోటర్ ఆన్ చేసే ప్రాజెక్టు. వైర్ల కొసలకు సోల్డర్ పెట్టి స్క్రూ టర్మినల్‌లో బిగిస్తే కొన్నాళ్లకే వదులవుతున్నాయి. పది పిన్నుల టర్మినల్ బ్లాక్ అయితే సర్క్యూట్ బోర్డు రంధ్రాల్లో కూర్చోవడమే లేదు.

సోల్డర్ మెత్తటి లోహం. స్క్రూ ఒత్తిడికి మెల్లమెల్లగా జరిగిపోతుంది, పట్టు పోతుంది. పోగుల వైరుకు ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడిగి నొక్కండి. అది దొరక్కపోతే సోల్డర్ లేకుండా పోగులను మెలిపెట్టి బిగించడమే నయం.

బ్లాక్ కూర్చోకపోవడానికి కారణం బహుశా పిచ్, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం. మార్కెట్లో 5.00 మిల్లీమీటర్లవీ, 5.08 మిల్లీమీటర్లవీ రెండూ ఉన్నాయి, చూపుకు ఒకేలా ఉంటాయి. రెండు పిన్నులైతే ఏదైనా దిగుతుంది. పది పిన్నులకు తొమ్మిది ఖాళీలు, ఒక్కోదానికి 0.08 తేడా, మొత్తం 0.72 మిల్లీమీటర్లు. ఇక రంధ్రంలోకి ఎలా పోతుంది? కొనేముందు డేటాషీట్ తెరిచి మీ బోర్డు డిజైన్‌తో పోల్చుకోండి.

మీరు అడగకపోయినా ఒక మాట. రిలే (మీ బోర్డు నడిపే చిన్న స్విచ్) మీద 10 ఆంపియర్లని రాసి ఉందని మోటర్‌ను నేరుగా దానికి కలపొద్దు. ఆ అంకె హీటర్ లాంటి లోడుకు. రిలేతో కాంటాక్టర్ (మోటర్ లోడు తట్టుకునే పెద్ద స్విచ్) కాయిల్‌ను నడిపి, మోటర్‌ను కాంటాక్టర్‌కు వదిలేయండి.

ఫాల్స్ సీలింగ్ లైట్ల జాయింట్లకు టేపు చుట్టి వదిలేశారు. లివర్ కనెక్టర్లు (చిన్న మీట నొక్కితే వైరును పట్టుకునేవి) పెట్టించవచ్చా? (కరీంనగర్)

తప్పకుండా. సీలింగ్ వేడికి టేపు జిగురు కారిపోతుంది. వాగో కంపెనీ 221 రకంలో 4 చదరపు మిల్లీమీటర్ల దాకా వైరు పడుతుంది, రేటింగ్ 32 ఆంపియర్లు, వైరు 11 మిల్లీమీటర్లు ఒలిస్తే చాలు. లివర్ లేకుండా నెట్టి పెట్టేవి ఒంటి తీగ వైరుకు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది పోగుల వైరు కాబట్టి అవి వద్దు. సగం ధరకు ఆన్‌లైన్‌లో వచ్చే నకళ్లను సీలింగ్ పైన దాచడం నాకు ఇష్టం లేదు.

సిరిసిల్లలో మాకు మరమగ్గాలున్నయి. మోటర్ టర్మినల్ నట్లు ఊకె వదులైతున్నయి.

అదురుడు వల్లే. కంట్రోల్ ప్యానెల్‌లో అయితే స్ప్రింగే వైరును పట్టుకునే స్ప్రింగు క్లాంపు టర్మినల్ బ్లాకులు పెట్టించండి, వాటికి బిగింపు అక్కర్లేదు. మోటర్ డబ్బాలో రింగు లగ్గు, ప్లెయిన్ వాషర్, దాని మీద స్ప్రింగు వాషర్, ఆపైన నట్టు, ఇదీ వరుస. కేబుల్‌ను మోటర్ పక్కనే క్లాంపు చేస్తే అదురు లగ్గు దాకా రాదు. బిగించాక నట్టు మీద నుంచి పక్కకు నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. నట్టు తిరిగితే గీత విరిగినట్టు కనబడుతుంది. కరెంటు ఆపి మూత తీసిన ప్రతిసారీ ఒక చూపు చూస్తే చాలు.