పసిరికా? పింజరా?

సందేహం: చెట్టుకొమ్మపై కనిపించిన ఆకుపచ్చ పాము వార్తను మూడు చోట్ల చదివాను. ఒకరు ‘పసిరిక పాము’ అన్నారు, ఒకరు ‘ఆకుపచ్చ రక్తపింజర’, ఇంకొకరు ‘పచ్చ గొయ్యి వైపర్’ అని రాశారు. అది గ్రీన్ పిట్ వైపర్ అట. తెలుగులో ఏమనాలి?

సమాధానం: మూడూ సరికావు. అయితే మూడింటిలో తప్పు ఒకే రకమైనది కాదు.

‘పసిరిక’ మంచి తెలుగు మాటే. పసరు, పసిమి, పచ్చ పుట్టిన కుదుటి నుంచే వచ్చింది. కానీ అది వేరే పాముకు స్థిరపడిన పేరు. పసిరిక కొరడాలా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మూతి కొనదేరి ఉంటుంది, తలమీద పెద్ద పలకల్లాంటి పొలుసులుంటాయి, కంటిపాప అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది. తిరిగేది పగలు. విషపు పళ్ళు పైదవడలో వెనక్కి ఉంటాయి కనుక మనిషికి పెద్ద ప్రమాదం లేదు. పిట్ వైపర్ ఇందుకు దాదాపు ప్రతి విషయంలోనూ ఎదురే. ఒళ్ళు బొద్దుగా, తోక పొట్టిగా ఉంటుంది. సన్నని మెడ మీద తల వెడల్పుగా, ముక్కోణంలా కనిపిస్తుంది. నడినెత్తిన చిన్న చిన్న పొలుసులు, నిలువు కంటిపాప, రాత్రి వేట. దవడ ముందుభాగంలో మడత విప్పుకొనే పొడుగాటి కోరలుంటాయి. ఈ రెంటికీ ఒకే పేరు పెడితే భాషకంటే ముందు మనిషికే నష్టం.

ఈ తేడా తెలుగువాళ్ళకు కొత్త కాదు. ప్యాట్రిక్ రసెల్ అనే వైద్యుడు 1796లో అచ్చయిన తన పాముల గ్రంథంలో కోరమాండల్ తీరపు పాములకు స్థానికులు చెప్పిన పేర్లనే ఎక్కించాడు. అందులో పసిరిక పాము వేరుగా, ఇప్పుడు వెదురు పిట్ వైపర్ అంటున్నది వేరుగా ఉన్నాయి. ఈ రెండోదాని పేరు ‘బొద్రు పాము’. రోమన్ లిపిలో రాశాడు కాబట్టి ‘బొడ్రు’ అని చదివినా కాదనలేం.

ఇక ‘రక్తపింజర’. ‘పింజర’ అనడం బాగానే ఉంది, వైపర్ జాతికి అది చెల్లుతుంది. సంస్కృతంలో పింజరమంటే ఎరుపు కలిసిన పసుపు రంగు కదా, ఆకుపచ్చ పింజర ఎలా కుదురుతుందని అడగవచ్చు. తెలుగులో పాము పేరయ్యాక ఆ రంగు అర్థం మరుగున పడింది, కనుక చిక్కు లేదు. చిక్కంతా ‘రక్త’తోనే. రక్తపింజర అనగానే వైద్యుడికి తోచేది ఒళ్ళంతా గుండ్రటి మచ్చలుండే పొడపాము. మన దేశంలో వాడే పాముకాటు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరల విషాలతో తయారవుతుంది. పిట్ వైపర్ విషం అందులో లేదు. అందువల్ల ఆసుపత్రిలో ఈ పేరు తప్పు చెప్పడం చిన్న పొరపాటు కాదు.

‘గొయ్యి’ మాట సరేసరి. గొయ్యి నేలలో తవ్వేది. ఒంటిమీది పల్లానికి మనం గుంట అంటాం, ‘కళ్ళు గుంటలు పడ్డాయి’ అన్నట్టు. ఇక్కడ కంటికీ ముక్కురంధ్రానికీ నడుమ, చెరోవైపు ఒక గుంట ఉంటుంది. లోపలి పల్చని పొర వేడిని పసిగడుతుంది కాబట్టి చీకట్లోనూ ఎలుక, పక్షి ఎక్కడున్నదీ పాముకు తెలిసిపోతుంది. మామూలు వైపర్లకు ఇది లేదు. అంటే పేరులో తప్పక ఉండాల్సింది రంగు కాదు, గుంట. పడమటి కనుమల మలబార్ పిట్ వైపర్‌నే చూడండి, అదే జాతి పాము ఒకటి ఆకుపచ్చగా, మరొకటి గోధుమరంగులో, ఇంకొకటి పసుపుగా ఉంటుంది. సారాయిలో నిలవచేసిన ఆకుపచ్చ పామైతే, పసుపు వర్ణకం కరిగిపోయి నీలంగా మారుతుంది!

‘పచ్చ’ ఒక్కటే రాస్తే పసుపా, ఆకుపచ్చా అన్న అనుమానం మిగులుతుంది. ‘ఆకుపచ్చ’ అని పూర్తిగా రాయండి. నా ఓటు ‘ఆకుపచ్చ గుంటపింజర’కు. కొత్త మాటే కాబట్టి మొదటిసారి వచ్చినచోట ‘పిట్ వైపర్’ అని పక్కన చేర్చి, ఆపైన ‘గుంటపింజర’ అని సాగించవచ్చు. జాతి కచ్చితంగా తెలిస్తే ‘వెదురు గుంటపింజర’ అనడం మరీ మేలు. ఫొటోలో గుంట కనబడక, తల ఆకారం కూడా తేలకపోతే ‘ఆకుపచ్చ పాము’ అని ఊరుకోవాలి.